రాత్రిళ్లు బాబుకి షుగర్ డౌన్ అయితే మా కుక్క లేపుతోంది. దాన్ని బయట కట్టేయాలా?

ప్రశ్న (తణుకు నుంచి ఒక అమ్మ)

అందరికీ నమస్కారం. మా బాబుకి పదకొండేళ్లు. టైప్ 1 షుగర్ బయటపడి రెండేళ్లయింది, రోజుకి నాలుగుసార్లు ఇన్సులిన్. ఇంట్లో ఒక ఊరకుక్క ఉంది, పేరు బుజ్జి. పిల్లగా వీధిలో దొరికితే పెంచుకున్నాం. దానికి ఎవరూ ఏమీ నేర్పలేదు.

గత నెల ఒక రాత్రి రెండింటికి అది వచ్చి నా దోమతెర లాగింది. తోలేశాను. మళ్లీ వచ్చింది. బాబు మంచం దగ్గరికి పోయి, వాడి మూతి దగ్గర వాసన చూసి, సన్నగా ఏడవడం మొదలుపెట్టింది. లైటు వేసి చూస్తే వాడి మెడ, బనీను చెమటతో తడిసి ఉన్నాయి. వేలు గుచ్చి చూశాను: 54. ఆ సాయంత్రం చీకటి పడేదాకా క్రికెట్ ఆడి వచ్చాడు, నేను రాత్రి డోసు గురించి ఆలోచించలేదు. తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి.

పది రోజులకి మళ్లీ లేపింది, 63. మొన్న కూడా లేపింది కానీ 142 ఉంది.

అర్ధరాత్రి కుక్క ఏడిస్తే అరిష్టం, గేటు బయట కట్టేయమంటున్నారు అత్తయ్య. వాడంటే ఆవిడకి ప్రాణం, భయంతోనే అంటున్నారు. మా వారు ఏదో కలిసొచ్చిందంతే అంటారు. నాకలా అనిపించడం లేదు. కుక్కకి నిజంగా తెలుస్తుందా? మరి 142కి ఎందుకు లేపింది?

జవాబు (హైదరాబాద్, ల్యాబ్‌లో పని)

బయట మాత్రం కట్టేయకండి. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు టైప్ 1 ఉన్న 8 మంది మహిళల షుగర్‌ని దగ్గరుండి మెల్లగా దించి, వాళ్ల ఊపిరి పరీక్షించారు. షుగర్ పడినప్పుడు ఊపిరిలో ఐసోప్రీన్ అనే వాయువు బాగా పెరిగింది, కొందరిలో దాదాపు రెట్టింపు. మన ముక్కుకి అది అందదు. కుక్కలు పట్టేది దీన్నే కావచ్చని వాళ్ల ఊహ. బుజ్జి నేరుగా మూతి దగ్గరికే వెళ్లిందని మీరు రాసింది చదివి నాకు ఇదే గుర్తొచ్చింది.

అయితే దాన్నే నమ్ముకుని పడుకోకండి. ఇంగ్లండ్‌లో శిక్షణ పొందిన 27 కుక్కల లెక్కలు 2019లో వచ్చాయి. షుగర్ పడిన సందర్భాల్లో, వరసలో మధ్యన నిలిచిన కుక్క 83 శాతం పట్టింది. అమెరికాలోని ఒరెగాన్‌లో 8 కుక్కలను, ఒంటికి అతికించుకుంటే షుగర్ చూపిస్తూ ఉండే సెన్సార్‌తో పోల్చి చూస్తే 36 శాతమే. కుక్కా, సెన్సారూ రెండూ హెచ్చరించిన సందర్భాల్లో ఎక్కువసార్లు సెన్సారే ముందు మోగింది. మీ విషయంలో కూడా ఒకటి గమనించండి: బుజ్జి లేపిన రాత్రే మీరు వేలు గుచ్చారు. లేపని రాత్రి ఎంత ఉందో మీ దగ్గర లెక్క లేదు.

142 సంగతికి వస్తే, అది ఊరికే లేపి ఉండొచ్చు. కానీ అప్పుడే కొట్టిపారేయకుండా పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడండి. 2004లో ఇంగ్లండ్‌లో మూత్రాశయ క్యాన్సర్‌ని వాసనతో పట్టేలా 6 కుక్కలకు నేర్పారు. పరీక్షలకి ముందు శిక్షణలో, ఆరోగ్యవంతుడిదని పెట్టిన ఒక నమూనా దగ్గర అవి పదేపదే ఆగాయి. ఆ మనిషిని మళ్లీ పరీక్షిస్తే కిడ్నీలో క్యాన్సర్ బయటపడింది.

జవాబు (ఒంగోలు, సైన్యంలో కుక్కల శిక్షణ విభాగం నుంచి రిటైర్డ్)

చెల్లెమ్మా, ఊరకుక్క అని తక్కువగా చూడకు. 2021 ఫిబ్రవరిలో మన సైన్యం ఢిల్లీలో కరోనాని పసిగట్టే కుక్కలను చూపించింది. వాటిలో క్యాస్పర్ విదేశీ కాకర్ స్పానియల్ జాతిది, జయ, మణి మాత్రం తమిళనాడు నాటు జాతి చిప్పిపారై కుక్కలు. చెమట, మూత్రం నమూనాలతోనే నేర్పారు.

బుజ్జి లేపగానే బిస్కెట్ పెట్టకు. ముందు వేలు గుచ్చి చూడు. 70 కంటే తక్కువుంటే బాబుకి గ్లూకోజ్ ఇచ్చాక దానికి ముక్క పెట్టి, మెచ్చుకో. మామూలుగా ఉంటే ఏమీ ఇవ్వకు, కసరకు కూడా. లేపిన ప్రతిసారీ పెడితే నెలలోపే తిండి కోసం లేపడం నేర్చుకుంటుంది, అప్పుడు దాని మాటకి విలువుండదు. కసిరితే అసలు లేపడమే మానేస్తుంది.

షుగర్ పడినప్పుడు బాబు చెమట దూదితో తుడిచి, గాజు సీసాలో మూత బిగించి ఫ్రీజర్‌లో దాచు. పగలు, బాబుకి బాగున్నప్పుడు, ఆ సీసా వాసన చూపించి నేర్పొచ్చు.

జవాబు (వరంగల్, టైప్ 1 పాప నాన్న)

అక్కా, సాయంత్రం బాగా ఆడిన రోజు డోసు సంగతి డాక్టర్‌ని అడిగి రాసుకోండి. రెండింటికి అలారం పెట్టుకోండి, కుక్క ఉన్నా సరే. బాబు తెలివిలో ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకి మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏదీ పోయకండి, పక్కకి తిప్పి పడుకోబెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న అడిగిన అమ్మ

అందరికీ ధన్యవాదాలు. అన్నయ్యగారూ, నేను తెలియక మూడుసార్లూ బిస్కెట్ పెట్టాను, 142 రోజు కూడా. ఇక పెట్టను. మీ మాటలన్నీ అత్తయ్యకి చదివి వినిపించాను. ఊపిరి సంగతి రెండోసారి చదివించుకున్నారు. బుజ్జి గోనెపట్టాని ఆవిడే తెచ్చి బాబు మంచం పక్కన వేశారు.

నిన్న రెండింటికి అలారం మోగింది. బుజ్జి నిద్రపోతోంది, బాబుకి 68. అది లేపలేదు. మా నోటుబుక్కులో ఇంకో గడి గీశాను, బుజ్జి లేపిందా లేదా అని. నిన్నటిది "లేదు" అని రాశాను. నెల తిరిగాక ఆ లెక్క ఇక్కడే పెడతాను.