చీమ జంతువా? ‘జంతువు’ అనే మాట మీద ఒక తగువు

మా చిన్నది హోంవర్కు చేస్తూ “నాన్నా, చీమ జంతువా?” అనడిగింది. “కాదమ్మా, పురుగు” అన్నాను. దాని పుస్తకంలో జంతువే అని ఉంది. పరువు పోయింది సరే, మాట సంగతేంటో చూద్దామని కూర్చున్నాను.

‘జన్’ ధాతువుకి పుట్టడం అని అర్థం. జననం, జన్మ, జనం అన్నీ దాని సంతానమే. జంతువు అంటే పుట్టినది, అంతే. తోకా కొమ్ముల ఊసే లేదు. గీత ఐదో అధ్యాయంలో ‘తేన ముహ్యంతి జంతవః’ అన్నచోట మోహంలో పడేది గొడ్లు కాదు, మనమే. పాత సంస్కృత నిఘంటువు అమరకోశమైతే ‘ప్రాణీ తు చేతనో జన్మీ జంతు జన్యు శరీరిణః’ అని ఆరింటినీ ఒకే గాటన కట్టేసింది. మరి మనం ‘జంతువులు, పక్షులు’ అని విడదీసి, ఈ మాటని నాలుగుకాళ్లవాటికే ఎందుకు రాసిచ్చేశాం?

వ్యాఖ్య: నాలుగుకాళ్లవాటికి వేరే మాటలూ ఉన్నాయండీ. పశువుని పాశంతో కట్టేది అని చెప్పుకుంటారు. మృగం వేటకి సంబంధించింది, మృగయ అంటే వేటే. వీటి వికృతులు పసరం, మెకం. సంస్కృతంలో మృగం అంటే లేడి కూడా, మృగనయని అందుకే. ఇప్పుడు తెలుగులో ఎవరినైనా మృగం అని చూడండి, లేడి గుర్తొస్తుందేమో!

వ్యాఖ్య: నన్నడిగితే ‘జంతువు’ బదులు ‘ప్రాణి’ అనే పెట్టాల్సింది. ఇంగ్లిషు ‘యానిమల్’ లాటిన్ ‘అనిమా’ నుంచి వచ్చింది, అంటే ఊపిరి. ప్రాణిలో ఉన్న ‘అన్’ ధాతువూ ఊపిరి తీయడమే. రెండూ ఒకే వేరు నుంచి వచ్చినవి. కన్నడంలో, మరాఠీలో జువాలజీని ప్రాణిశాస్త్రం అనే అంటారు.

పోస్టు పెట్టినవాణ్ని: బాగుంది గానీ, ‘మొక్కకీ ప్రాణముంది’ అనే భాష మనది. ప్రాణిశాస్త్రం అంటే మొక్కలూ వచ్చి కూర్చుంటాయి. జంతువే నయం.

వ్యాఖ్య: బయాలజీ చెప్పేదాన్ని, ఆగలేక రాస్తున్నా. శాస్త్రానికి కాళ్లతో పనిలేదు. ఒంట్లో చాలా కణాలుండాలి, ఆ కణాలకి మొక్కల్లా గట్టి గోడ ఉండకూడదు, తిండి సొంతంగా తయారుచేసుకోలేక బయటిది తినాలి. కదలికని నమ్ముకుంటే దెబ్బతింటాం. అమీబా కదులుతుంది, తింటుంది కూడా. మా చదువుల్లో జంతువుల మొదటి పాఠం దానిదే. ఒకే కణం కాబట్టి ఇప్పుడు బయటికి పంపేశారు. స్పంజికి నరాల్లేవు, కండరాల్లేవు, రాయిని పట్టుకుని పడుంటుంది. అయినా జంతువే! పిల్లదశలో ఈదుతుంది లెండి. పాతకాలానికి వెళ్తే ఇంకా టెన్షన్. 55 కోట్ల ఏళ్లు దాటిన డికిన్సోనియా శిలాజం ఏమిటన్నది చాలాకాలం తేలలేదు. 2018లో అందులో జంతువులకి గుర్తులాంటి కొలెస్ట్రాల్ ఆనవాళ్లు దొరికాకే జంతువన్న వాదన గట్టిపడింది. ఇంతకీ పేరుపెట్టిన జంతుజాతులు సుమారు 15 లక్షలైతే, కీటకాలే దాదాపు 10 లక్షలు. వెన్నెముక ఉన్నవి నూటికి ఐదు. మెజారిటీ మీ చీమదేనండీ.

వ్యాఖ్య: అమరం ఎత్తారు కాబట్టి ఒక సరదా. అందులో వర్గాలంటే అధ్యాయాలు. సింహాదివర్గంలో సింహం, కోతి, పిట్టలు, తుమ్మెద ఉంటాయి. ఏనుగు, గుర్రం మాత్రం క్షత్రియవర్గంలో, ఆవు వైశ్యవర్గంలో, చేప వారివర్గంలో. ఎవరికి పనికొచ్చేది వారి పక్కన, నీళ్లది నీళ్లలో. ఐతరేయోపనిషత్తు దారి వేరు: అండజం, జారుజం, స్వేదజం, ఉద్భిజ్జం. గుడ్డు, గర్భం, చెమట, నేలని చీల్చుకురావడం. పుట్టినదాన్ని పుట్టుకని బట్టే విడదీశారు, నాకు ఇదే నచ్చుతుంది. చిక్కల్లా స్వేదజంతోనే, అంటే పురుగులు చెమటలోంచి పుడతాయన్న దానితో. 1668లో ఇటలీలో ఫ్రాన్సెస్కో రెడీ అనే వైద్యుడు మాంసం మీద పల్చటి గుడ్డ కప్పి, ఈగలు వాలకపోతే పురుగు పట్టదని చూపించాడు. అంటే అవీ అండజాలే. 1758లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లినేయస్ జంతువులని విడదీసి చేసిన ఆరు తరగతులు కూడా నిలవలేదు. పాముని ఉభయచరాల్లో పెట్టాడు, నత్తనీ నక్షత్రచేపనీ పురుగుల్లో తోసేశాడు.

పోస్టు పెట్టినవాణ్ని: అయితే నేను చీమని పురుగన్నది మరీ తప్పేం కాదన్నమాట, పెద్దవాళ్లే పడ్డారు. గబ్బిలాన్ని అమరం ఎక్కడ పెట్టింది?

వ్యాఖ్య: సింహాదివర్గంలో, ఎగిరేవాటి మధ్యే. కానీ పేరు చూడండి, ‘అజినపత్ర’. తోలురెక్కలది.