కార్వెట్ యానివర్సరీ ఎడిషన్‌కి అదనంగా డబ్బు పెట్టొచ్చా? 1978 సిల్వరా, 1993 రూబీ రెడ్డా?

కొలంబస్_శ్రీను:
అందరికీ నమస్తే. ఒహాయోలో ఉంటున్నాను. పాత కార్వెట్ (షెవర్లే వాళ్ల స్పోర్ట్స్ కారు) ఒకటి కొనాలని ఎప్పటినుంచో ఉంది, ఇంటి లోను కాస్త తగ్గింది కాబట్టి ఈ సమ్మర్‌లో తీసుకుందామని మా ఆవిడని ఎలాగో ఒప్పించాను (రెండు సీట్ల కారులో పిల్లల్ని ఎక్కడ కూర్చోబెడతావు అంది, దానికి ఇంకా జవాబు ఆలోచించలేదు). రెండు బండ్లు చూశాను. ఒకటి 1978 సిల్వర్ యానివర్సరీ, అంటే కార్వెట్‌కి పాతికేళ్లు నిండినప్పటిది, పైన లేత వెండి రంగు, కింద ముదురు, మధ్యలో సన్నగీత. రెండోది 1993 నలభయ్యో యానివర్సరీది, బాడీ రూబీ రెడ్, లోపల సీట్లు కూడా అదే రంగు, తల ఆనించే చోట 40 అని ఎంబ్రాయిడరీ. అమ్మేవాళ్లిద్దరిదీ ఒకటే పాట: లిమిటెడ్ ఎడిషన్, మళ్లీ దొరకదు, ముందు ముందు రేటు పెరుగుతుంది. అదే ఏడాది మామూలు కార్వెట్ కంటే నాలుగైదు వేల డాలర్లు ఎక్కువ చెప్తున్నారు. నిజంగా అంత అరుదైనవేనా? నేను కొనేది వారాంతాల్లో నడుపుకోవడానికే, కవర్ కప్పి దాచుకోవడానికి కాదు.

గ్యారేజ్_బాబాయ్:
శ్రీను గారూ, లిమిటెడ్ అనగానే జేబులో చెయ్యి పెట్టకండి, ముందు లెక్క చూడండి. 1978లో మొత్తం 46,776 కార్వెట్లు తయారయ్యాయి, వాటిలో సిల్వర్ యానివర్సరీ పెయింటువి 15,283. 1993లో 21,590కి 6,749 రూబీ రెడ్. యాభయ్యో ఏడాది, అంటే 2003లో, 35,469కి 11,632. మూడు సార్లూ ఇంచుమించు మూడింట ఒక వంతు! ఇది లిమిటెడ్ ఎడిషన్ కాదండీ, ఆ ఏడాది బాగా అమ్ముడైన రంగు, అంతే.

పైగా 1978లో ఆ రెండు రంగుల పెయింటుకి కంపెనీ తీసుకున్నది 399 డాలర్లు. దాంతోపాటు అల్యూమినియం వీల్స్, స్పోర్ట్ మిర్రర్లు తప్పనిసరిగా కొనిపించారనుకోండి, అది వేరే విషయం. 1993 ప్యాకేజీ 1,455 డాలర్లు. రెంటిలోనూ ఇంజన్‌కి ఒక్క గుర్రం కూడా కలపలేదు. మరి ఇప్పుడు నాలుగైదు వేలు దేనికి?

సంఖ్య నిజంగా తక్కువ ఉన్నది కావాలంటే 1988లో వచ్చిన ముప్ఫై అయిదోది చూడండి, 2,050 మాత్రమే. బాడీ తెలుపు, వీల్స్ తెలుపు, సీట్లు తెలుపు, ఆఖరికి స్టీరింగ్ మీద తోలు కూడా తెలుపే. ఇన్నేళ్ల చేతుల జిడ్డు తర్వాత ఆ స్టీరింగ్ ఏ రంగులో ఉంటుందో మీరే ఊహించుకోండి. ఇక అరవై అయిదో యానివర్సరీకి వచ్చిన 2018 కార్బన్ 65 ఎడిషన్ 650 బండ్లే, కాకపోతే అప్పట్లో ఆ ప్యాకేజీకే 15,000 డాలర్లు.

నీలిమ_మిషిగన్:
బాబాయ్ గారు చెప్పింది కరెక్ట్. రేటు పెరుగుతుందన్న మాటకి 1978లోనే మంచి ఉదాహరణ ఉంది. ఆ ఏడాది ఇండియానాపోలిస్ 500 రేసుకి కార్వెట్ పేస్ కారు, అంటే రేసు మొదలయ్యేటప్పుడు అన్నిటికంటే ముందు నడిచే బండి. పైన నలుపు, కింద వెండి రంగుతో దాని రెప్లికాలు అమ్మారు. మొదట 300 అనుకున్నారట, 1953లో మొదటి ఏడాది తయారైనవి అన్నే కాబట్టి. తర్వాత ఏడాదికి వంద చొప్పున 2,500 అన్నారు. ఆఖరికి ప్రతి డీలరుకీ ఒకటైనా ఇవ్వాలని 6,502 చేశారు! కంపెనీ పెట్టిన ధర 13,653 డాలర్లు, జనం ఎగబడి దానికి మించి చాలా ఎక్కువ పెట్టి కొన్నారు. సీట్ల మీద ప్లాస్టిక్ కూడా తియ్యకుండా షెడ్లలో దాచారు. అందరూ దాచేసరికి, ఇప్పటికీ తక్కువ మైళ్లు తిరిగినవి అమ్మకానికి వస్తూనే ఉంటాయి. ఇక రేటు ఎక్కడ పెరుగుతుంది?

కాకపోతే పేస్ కారుతో ఒక సుఖం ఉంది, విన్ నంబర్‌లో (ఫ్యాక్టరీ ప్రతి బండికీ ఇచ్చే గుర్తింపు నంబర్) S తర్వాత 9 ఉంటే అసలుది, 4 ఉంటే మామూలు కారుకి రంగేసినట్టే. తలుపుల మీద పేస్ కార్ స్టిక్కర్లు లేవని నకిలీ అనుకోకూడదు, ఫ్యాక్టరీ వాటిని బండిలో విడిగా పెట్టి పంపేది, ఇష్టమైనవాళ్లు అంటించుకున్నారు. మీరు చూసిన సిల్వర్ యానివర్సరీకి మాత్రం ప్రత్యేకమైన విన్ లేదు. డ్రైవర్ తలుపు తెరిచి కీళ్ల దగ్గర ఉండే చిన్న రేకు చూడండి, పెయింట్ కోడ్ 13, 07 అని రెండూ ఉండాలి. ఒట్టి 13 ఉంటే అది మామూలు సిల్వర్, ఎవరో తర్వాత కింద ముదురు రంగు వేయించారు.

పాతబండి_ప్రసాద్:
రంగు సంగతి సరే, అన్నా, తుప్పు సంగతి ఎవరూ చెప్పలేదే. ఫైబర్‌గ్లాస్ బాడీకి తుప్పు పట్టదు కదా అని అమ్మేవాళ్లు ధీమాగా చెప్తారు. బాడీకి పట్టదు, లోపలున్న స్టీలుకి పడుతుంది. ముందు అద్దం చుట్టూ, తలుపుల స్తంభాల్లో ఉండే చట్రాన్ని ఇక్కడ బర్డ్‌కేజ్ అంటారు, అది తినేసిందంటే పైన పటారం లోన లొటారమే. ఒహాయో రోడ్ల మీద శీతాకాలం చల్లే ఉప్పు తెలుసు కదా. కాళ్లు పెట్టుకునే చోట పక్క ప్యానెల్ విప్పించి టార్చి వేసి చూడండి, ఎర్రటి పెచ్చులు రాలి ఉంటే మాట్లాడకుండా వచ్చేయండి. వెనక చక్రాల ముందు ఫ్రేము పైకి వంగే చోట కూడా సుత్తితో మెల్లగా కొట్టి చూడాలి.

నాది 1977. హెడ్‌లైట్లు వాక్యూమ్‌తో లేస్తాయి, గొట్టం ఎక్కడో లీకైతే ఒకటి లేచి ఇంకోటి పడుకునే ఉంటుంది, సిగ్నల్ దగ్గర ఎదుటివాళ్లకి కన్నుకొట్టినట్టు. 78లోనూ అదే ఏర్పాటు.

1993 అయితే నడపడానికి హాయి, 300 హార్స్‌పవర్, ఏసీ పనిచేస్తుంది. కానీ స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచే ఆప్టిస్పార్క్ డిస్ట్రిబ్యూటర్‌ని వాటర్ పంపుకి సరిగ్గా కింద పెట్టారు, ఎవరి ఐడియానో గానీ! పంపు కారిందంటే నీళ్లు దాని మీదే పడతాయి, ఇంజన్ కొట్టుకుంటుంది. పంపు, ఆప్టీ ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. బిల్లు చూపిస్తే దానికి ఎక్కువ ఇవ్వండి, 40 అని కుట్టినందుకు కాదు.

కొలంబస్_శ్రీను:
అందరికీ చాలా థాంక్స్. 78 అతన్ని రేకు ఫొటో అడిగితే దాని మీద కూడా పెయింట్ పడింది అన్నాడు. 93 ఆయన దగ్గర బిల్లులు ఫైలు నిండా ఉన్నాయి, పంపూ ఆప్టీ రెండూ ఒకేసారి మార్పించాడు. శనివారం మెకానిక్‌ని వెంటబెట్టుకుని వెళ్తున్నా.

గ్యారేజ్_బాబాయ్:
రేకు మీద కూడా పెయింటా! ఆ 78 జోలికి పోకండి.

నీలిమ_మిషిగన్:
వీలైతే కెంటకీలో బౌలింగ్ గ్రీన్ ఊళ్లో ఉన్న కార్వెట్ మ్యూజియంకి కూడా వెళ్లి రండి. 2014 ఫిబ్రవరి 12న అక్కడ నేల కుంగి ఎనిమిది కార్వెట్లు గోతిలో పడ్డాయి, వాటిలో ఒకటి 1993 రూబీ రెడ్డే. మూడింటిని బాగుచేశారు, దాన్ని మాత్రం నలిగింది నలిగినట్టే ఉంచేశారు. పిల్లలకి నచ్చుతుంది. కాకపోతే మీ ఇంట్లో ఇంకో కారు ఉండే ఉంటుంది కదా, అందులో వెళ్లండి.

పాతబండి_ప్రసాద్:
శ్రీను అన్నా, శనివారం బేరం కుదరకపోతే ఆ 93 ఆయన నంబర్ నాకు మెసేజ్ పెట్టు.