తాత హరికథలు దాచాలి: డిస్కులా, హార్డ్ డిస్కా?

పర్లాకిమిడి మనవడు:
అందరికీ నమస్తే. మా తాత హరికథలు చెప్పేవారు, పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపూరు చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగారు. ఆయన క్యాసెట్లు 60 ఉంటే ఆర్నెల్లు కూర్చుని అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాను. ఒక్కోటి 90 నిమిషాలు, కుదించని వేవ్ ఫైలు నిమిషానికి 10 ఎంబీ, మొత్తం 54 జీబీ అయింది. మా బావేమో హార్డ్ డిస్క్‌లో పడేసి ఊరుకో అంటున్నాడు, నాకేమో ఒకసారి రాస్తే ఎవడూ చెరపలేని డిస్కే మేలనిపిస్తోంది. ఎం-డిస్క్ అని డీవీడీ, బ్లూరేల్లోనే ఒక గట్టి రకం ఉంది, వెయ్యేళ్లు ఉంటుందంట, కొనమంటారా?

గుణుపూరు కుర్రోడు:
వెయ్యేళ్లన్న మిలెనియాటా కంపెనీయే 2016లో దివాలా తీసింది గురూ 😄 సరే డిస్కు ఉంటుందే అనుకుందాం, చదవడానికి డ్రైవేదీ? కొత్త ల్యాప్‌టాప్‌లో ఆ కన్నమే లేదు. సోనీ కూడా 2025 ఫిబ్రవరిలో ఖాళీ బ్లూరే డిస్కుల తయారీ ఆపేసింది.

స్టూడియో అన్న:
నేను పర్లాకిమిడిలోనే పెళ్లి వీడియోలు తీస్తాను, సీడీల కాలం నుంచీ ఇదే పని. మొన్న ఒకావిడ 2005 నాటి పెళ్లి సీడీ తెచ్చింది, పైన వధూవరుల ఫొటో స్టిక్కరు, అది కూడా మేం అంటించిందే, మూల లేచిపోయిందని ఆవిడే గోరుతో పీకేసిందంట, స్టిక్కరుతో పాటు వెండి పూత కూడా లేచొచ్చేసింది, వెలుతురుకి పెట్టి చూస్తే జల్లెడలా ఉంది. ఏం చెప్తాం ఆవిడకి? అందరూ కింద గీతలు పడకుండా చూస్తారు గానీ సీడీలో డేటా ఉండేది పైన లేబుల్ కిందే, మధ్యలో పల్చటి వార్నిష్ పూతే. కింద గీత పడితే పాలిష్ పెట్టి ఎలాగో చదివిస్తాను, పైన పోతే ఇక అంతే. డీవీడీ అలా కాదు, డేటా రెండు 0.6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ బిళ్లల మధ్య ఉంటుంది. అయినా అందులోనూ డేటా రాసేది రంగు పొరలోనే, ఎండ తగిలే గూట్లో పెడితే వెలిసిపోద్ది.

హార్డ్ డిస్క్ బావ:
ఆ బావని నేనే. 2018 తిత్లీ తుఫానుకి మా ఇంట్లోకి నీళ్లొచ్చినప్పుడు ఈ బావమరిది డిస్కులే ముందు తడిశాయి, కాగితం కవర్లు అతుక్కుని బూజు పట్టి, కడిగితే సగం కూడా చదవలేదు. హార్డ్ డిస్క్ జేబులో వేసుకుని మేడెక్కాను.

స్టూడియో అన్న:
జేబులోంచి జారితే బావా? నా దగ్గర అలా పోయినవి నాలుగున్నాయి, టిక్కు టిక్కు మంటాయి తప్ప తెరుచుకోవు.

బరంపురం మాస్టారు:
ఇద్దరూ కొట్టుకోవడం ఆపండయ్యా. బ్లూరే డిస్కుల్లో రెండు రకాలున్నాయి. ఎల్‌టీహెచ్ అని రాసుంటే లోపల సీడీలో లాగా సేంద్రియ రంగే, దాని జోలికి పోకండి. మామూలు హెచ్‌టీఎల్ రకంలో లోహాల్లాంటి పదార్థం, వెలుతురుకి రంగులా వెలిసిపోయేది కాదు, కాబట్టి బ్లూరే కొనేటప్పుడు ఎం-డిస్క్ పేరుకి ఎక్కువ డబ్బులు పొయ్యడం నా ఉద్దేశంలో దండగ. డీవీడీ అయితే మామూలుదానికీ ఎం-డిస్క్‌కీ తేడా నిజమే, కానీ ఎం-డిస్క్ డీవీడీ రాయాలంటే దానికి తగ్గ బర్నరే (డిస్కు రాసే డ్రైవు) కావాలి, చదవడం మాత్రం ఏ డ్రైవయినా చదువుతుంది.
ఇంకో మాట, వేవ్‌ని ఫ్లాక్ అనే కుదించిన ఫైలుగా మార్చు బాబూ, శబ్దం పిసరు కూడా పోదు, సైజు దాదాపు సగమవుతుంది. 25 జీబీ బ్లూరేలు రెండు చాలు, మిగిలిన చోట రికవరీ డేటా, అంటే కొంత చెడినా ఫైళ్లని తిరిగి రాబట్టేది, రాసుకో. రాశాక వెరిఫై చెయ్యకుండా డిస్కు బయటికి తియ్యకు, ఫైళ్ల చెక్‌సమ్‌లు (ఫైలు చెడితే పట్టిచ్చే అంకెలు) కూడా అందులోనే పెట్టు, ఏడాదికోసారి పోల్చి చూడు. ఒక సెట్టు మా బరంపురంలో దాస్తాను, పర్లాకిమిడిలో వరదొచ్చినా ఇక్కడ ఉంటుంది.

గుణుపూరు కుర్రోడు:
డ్రైవు సంగతి ఎవరూ చెప్పలేదు మాస్టారూ

బరంపురం మాస్టారు:
యూఎస్‌బీ బర్నర్ ఒకటి ఎక్కువ కొని డిస్కులతో పాటే పెట్టె కట్టెయ్. అది కూడా చెడుతుంది, అందుకే బావ హార్డ్ డిస్క్ కూడా ఉండాలి. అదైనా నాలుగైదేళ్లకోసారి కొత్తదానికి మార్చాల్సిందే.

పర్లాకిమిడి మనవడు:
అయితే ఫ్లాక్, రెండేసి హెచ్‌టీఎల్ డిస్కులు మూడు సెట్లు, బావ హార్డ్ డిస్క్ ఒకటి. స్టూడియో అన్నా, నీ బ్లూరే బర్నర్ ఒక్కరోజు ఇస్తావా?

స్టూడియో అన్న:
ఆదివారం రా, ముహూర్తాల్లేవు. స్టిక్కర్లు మాత్రం తేకు, పేర్లు మధ్యలో కన్నం చుట్టూ ఉండే గాజులాంటి చోట రాద్దాం.