పాత హోటళ్ళలో దిగాలా, చైన్ హోటళ్ళలోనా? అరిజోనా రోడ్ ట్రిప్, వెంట అమ్మానాన్న

గుంటూరు_టు_డాలస్

మే చివర్లో ఎనిమిది రోజుల ట్రిప్. వేగస్‌లో దిగి కారు తీసుకుని గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ (దక్షిణపు అంచు), అక్కణ్ణుంచి విన్‌స్లో, హోల్‌బ్రూక్, మాన్యుమెంట్ వ్యాలీ, పేజ్, మళ్ళీ వేగస్. మేమిద్దరం, ఎనిమిదేళ్ళ పాప, గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్న. నాన్నకి 71, మోకాళ్ళ నొప్పులు. అమ్మ శాకాహారి, రెండు రోజులు బయట తింటే మూడో రోజు అన్నం, చారు కావాలంటుంది.

గొడవ ఎక్కడంటే, అన్ని రాత్రులూ చైన్ హోటళ్ళే బుక్ చేద్దామంటారు మా ఆయన. పోయినేడు యూటా వెళ్ళినప్పుడు అదే చేశాం. ఐదు ఊళ్ళు, ఐదు రాత్రులు, గది మాత్రం ఒక్కటే. అదే బూడిదరంగు కార్పెట్, మంచం మీద గోడకి అదే అర్థంకాని బొమ్మ. నాలుగో రోజు పొద్దున పాప లేచి "మనం మళ్ళీ వెనక్కి వచ్చేశామా?" అనడిగింది. ఈసారి విన్‌స్లోలో పాత రైల్వే హోటల్, హోల్‌బ్రూక్‌లో సిమెంట్ టీపీలు (గుడారం ఆకారంలో కట్టిన మోటెల్ గదులు) చూసి పెట్టుకున్నాను. పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని ఇలాంటి సరదాలు నా స్వార్థమేనా? మొహమాటం లేకుండా చెప్పండి.

పాయింట్ల_పంతులు

నా ఓటు మీ ఆయనకే. మూడేళ్ళ కిందట మా అమ్మానాన్నల్ని ఒక పాత మోటెల్‌కి తీసుకెళ్ళాను. ఊరు, పేరు వద్దు. బయట నియాన్ బోర్డు చూసి మురిసిపోయి ఫొటోలు తీశాను. లోపలికి వెళ్తే కిటికీ ఏసీ లారీ ఇంజన్‌లా మోగుతోంది, ఆపితే ఉక్క. కుళాయిలో వేడినీళ్ళు రావడానికి పది నిమిషాలు. కార్పెట్ మీద ఏదో మరక. మా అమ్మ సూట్‌కేసులు మంచం మీద పెట్టేసి, తను కుర్చీలో చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని కూర్చుంది. కాలు కింద పెట్టనంటుంది. "ఇంత డబ్బు పోసి ఇదేం సత్రంరా" అంది. ఆ మాట ఇప్పటికీ ప్రతి పండక్కీ వస్తుంది మా ఇంట్లో.

చైన్‌లో లిఫ్ట్ ఉంటుంది, పొద్దున వేడిగా ఏదో ఒకటి పెడతారు, గదిలో మైక్రోవేవ్, ఫ్రిజ్. రూమ్ బాగోలేకపోతే ఇంకోటి ఇస్తారు. మీరు చూడబోయేది కాన్యన్ కదా, గది కాదు కదా.

పాతబంగ్లా

పంతులుగారూ, మీ అమ్మగారి కష్టం అర్థమైంది. కానీ మీరు దిగింది పాత మోటెల్‌లో కాదు, బాగుచేయని మోటెల్‌లో. రెండూ ఒకటి కాదు.

విన్‌స్లోలో ఉన్నది లా పోసాడా. 1930లో ఫ్రెడ్ హార్వీ కంపెనీ శాంటా ఫే రైల్వే ప్రయాణికుల కోసం కట్టింది, డిజైన్ మేరీ కోల్టర్. ఆ రోజుల్లో ఆ స్థాయి పనులు చేసిన ఆడవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అదృష్టం చూడండి, దేశమంతా ఆర్థిక మాంద్యంలోకి జారుతుంటే తలుపులు తెరిచారు. 1957లో మూసేశారు. తర్వాత రైల్వేవాళ్ళే గదుల్ని ఆఫీసులుగా మార్చుకున్నారు. కూల్చేస్తారని కూడా అనుకున్నారట. 1997లో కొత్త యజమానులు కొని ఒక్కో గదీ బాగుచేసుకుంటూ వచ్చారు.

మేం వెళ్ళింది అక్టోబర్‌లో. మా మామగారు వాల్తేరు రైల్వే డివిజన్‌లో రిటైరయ్యారు. హోటల్ వెనక తలుపు తీస్తే ప్లాట్‌ఫారం. షికాగో, లాస్ ఏంజిలిస్ మధ్య నడిచే ఆమ్‌ట్రాక్ బండి, సౌత్‌వెస్ట్ చీఫ్, ఇప్పటికీ అక్కడే ఆగుతుంది. ఆయన సాయంత్రం కాఫీ కప్పుతో బెంచీ మీద కూర్చుని గూడ్సు బళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. రెండేసి పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చిన కంటైనర్ రైళ్ళు. మైలు పొడవు పైనే అన్నారు. భోజనానికి పిలిస్తే "ఉండమ్మా, ఇంకోటి వస్తోంది, సిగ్నల్ పడింది" అన్నారు. గ్రాండ్ కాన్యన్ దగ్గర ఆయన గడిపింది ఇరవై నిమిషాలు. ఇక్కడ రెండున్నర గంటలు.

అందుకే గది కూడా చూడాల్సినదే అంటాను నేను.

ఇసుకతిన్నె

నాకు వేరే అభ్యంతరం ఉంది. మీరు "క్యారెక్టర్" అంటున్నదాంట్లో సగం అల్లిన కథే.

ఆ సిమెంట్ టీపీలు చూడండి. టీపీ అంటే మైదానాల్లో అడవిదున్నల వెంట తిరిగిన లకోటా, షయాన్ లాంటి వాళ్ళ గుడారం. హోల్‌బ్రూక్ చుట్టుపక్కల ఉండేది నవాహోలు, హోపీలు. నవాహో ఇల్లు హోగన్. దుంగలు, మట్టితో కడతారు, గుమ్మం తూర్పుకి. ఇక ఆ మోటెల్ పేరు విగ్వామ్. విగ్వామ్ అంటే ఈశాన్యం వైపు అడవుల్లో ఉండే తెగల గుండ్రటి గుడిసె. ఆకారం ఒకరిది, పేరు ఇంకొకరిది, ఊరు మూడోవాళ్ళది. కర్ర స్తంభాల బదులు సిమెంట్.

లా పోసాడా కూడా అంతే. ఒకప్పుడు ఓ ధనిక స్పానిష్ కుటుంబం ఉన్న హవేలీ అని కోల్టర్ ఒక కథ ఊహించుకుని దానికి తగ్గట్టు కట్టింది. అలాంటి కుటుంబమే లేదు. రైలు దిగిన షికాగో ధనవంతులకి చూపించడానికి వేసిన సెట్టు అది. రామోజీ ఫిల్మ్ సిటీలో గది తీసుకుని హంపీ చూశామన్నట్టు ఉంటుంది.

మాన్యుమెంట్ వ్యాలీలో మాత్రం ద వ్యూ హోటల్ తీసుకోండి. 2008లో వచ్చింది, నవాహోలదే, పని చేసేవాళ్ళలోనూ వాళ్ళే ఎక్కువ. పాతదనం ఏమీ ఉండదు. కానీ ప్రతి గదికీ బాల్కనీ ఉంది, ఎదురుగా ఆ ఎర్రటి గుట్టలు. నవాహో నేషన్‌లో, అంటే వాళ్ళ సొంత పాలనలో ఉన్న ప్రాంతంలో, మద్యం అమ్మరు, తీసుకెళ్ళకూడదు కూడా, మీ ఆయనకి ముందే చెప్పండి.

పాతబంగ్లా

తిన్నెగారూ, సెట్టే. ఒప్పుకున్నాను. కానీ 1930లో వేసిన సెట్టుకి ఇప్పుడు తొంభై దాటాయి. అందులో జనం దిగారు, పనిచేశారు, గోడలు పగలగొట్టి ఫైళ్ళు పెట్టుకున్నారు, మళ్ళీ గోడలు కట్టారు. ఆ చరిత్ర అబద్ధం కాదు కదా. స్పానిష్ దొర లేడు సరే, రైల్వే గుమాస్తా ఉన్నాడు.

విగ్వామ్ మోటెల్ సంగతీ అంతే. తెగల పేర్లు కలగాపులగం చేశారన్నది నిజం, పిల్లలకి అది చెప్పే తీసుకెళ్ళాలి. కానీ ఆ కట్టడం చెప్పేది తెగల కథ కాదు, కార్ల కథ. డిజైన్ కెంటకీలోని ఒకాయనది, పేటెంట్ కూడా ఉంది. హోల్‌బ్రూక్‌లో 1950లో కట్టిన చెస్టర్ లూయిస్ ఆయనకి రాయల్టీ ఎలా ఇచ్చాడో తెలుసా? గదుల్లో రేడియోలు పెట్టారు, డైమ్ (పది సెంట్ల నాణెం) వేస్తే అరగంట మోగుతుంది. ఆ చిల్లరంతా పేటెంటు ఆయనకి. తర్వాత ఫ్రీవే వచ్చి ఊరిని పక్కకి నెట్టేసింది, మోటెల్ మూతపడింది, మళ్ళీ ఆ కుటుంబమే తెరిచింది. ఇప్పటికీ పదిహేను టీపీలు, ఒక్కోదాని ముందు ఒక పాతకాలపు కారు. ఈ ఊళ్ళ మీదుగా పోయే పాత హైవే, 1926లో పుట్టిన రూట్ 66కి 2026లో నూరేళ్ళు కాబట్టి గదులకి డిమాండ్ ఉంటుంది, గుర్తుంచుకోండి.

నైట్‌షిఫ్ట్

నాలుగేళ్ళు ఓ చిన్న హోటల్ ఫ్రంట్ డెస్క్‌లో రాత్రి డ్యూటీ చేశాను. ఇటువైపు నుంచి నాలుగు ముక్కలు.

జనం చేసే తప్పు పాత హోటల్ ఎంచుకోవడం కాదు. ముచ్చటపడి బుక్ చేసుకున్న హోటల్‌కి రాత్రి పదింటికి చేరి పొద్దున ఏడింటికి వెళ్ళిపోవడం. కళ్ళు మూసుకుని పడుకోడానికి మేరీ కోల్టర్ ఎందుకు, ఏ హోటలైనా ఒకటే. అందుకని ముందు రూట్ మ్యాప్ తీసి ఏ రోజు ఎన్నింటికి చేరతారో రాసుకోండి. నాలుగింటికల్లా చేరే ఊళ్ళోనే పాత హోటల్. చీకటిపడ్డాక చేరే ఊళ్ళో చైన్.

మీ ప్లాన్‌లో విన్‌స్లో నుంచి హోల్‌బ్రూక్ ముప్పైమూడు మైళ్ళు, అరగంట. దానికి ఒక రాత్రి ఇక్కడ, ఒక రాత్రి అక్కడ ఎందుకు? మోకాళ్ళ నొప్పులున్న మనిషికి రోజూ సామాను సర్ది కారెక్కడమే అసలు శిక్ష. రెండు రాత్రులూ ఒకేచోట ఉండండి. హోల్‌బ్రూక్ పక్కనున్న పెట్రిఫైడ్ ఫారెస్ట్ (రాయిగా మారిన చెట్ల పార్కు) పగలే చూడాలి, సాయంత్రం గేట్లు వేసేస్తారు.

ఏ పాత హోటలైనా ఫోన్ చేసే బుక్ చేయండి, యాప్‌లో కాదు. కింది అంతస్తు గది కావాలి, పట్టాల వైపు వద్దు, స్నానానికి టబ్బా షవరా, మంచం ఎత్తెంత, ఇవన్నీ అడగండి. టబ్ అంచు దాటలేక ఇబ్బందిపడిన పెద్దవాళ్ళని ఎంతమందిని చూశానో. డెస్క్‌లో మనిషి విసుక్కోకుండా చెప్తే ఆ హోటల్ బాగానే నడుస్తోందని లెక్క. రివ్యూలు గత మూడు నెలలవి మాత్రమే చదవండి. యజమాని మారితే అన్నీ మారతాయి.

రైస్ కుక్కర్ విషయం. పాత భవనాల్లో వైరింగ్ పాతది, కుక్కర్, ఇండక్షన్ స్టవ్ కలిపి పెడితే బ్రేకర్ పడిపోతుంది. పోపు వేశారా, స్మోక్ అలారం మోగి అందరూ లుంగీల మీద బయటికి రావాల్సిందే. చూశాను కాబట్టి చెప్తున్నాను.

ఎల్లోస్టోన్_బాబాయ్

ఒక్కమాట. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ లోపలి హోటళ్ళకి బుకింగ్ పదమూడు నెలల ముందే తెరుస్తారు. మే కోసం ఇప్పుడు చూస్తే నిండిపోయాయనే వస్తుంది. కంగారుపడకుండా రోజూ పొద్దున ఒకసారి చూడండి, క్యాన్సిలేషన్లు పడుతూ ఉంటాయి. బ్రైట్ ఏంజెల్ లాడ్జ్ దొరికితే వదలొద్దు, అదీ కోల్టర్‌దే, 1935. కాకపోతే కొన్ని గదులకి బాత్రూం వరండాలో, అందరికీ కలిపి. ఎల్లోస్టోన్‌లో 1904 నాటి ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్ పాత భాగంలోనూ అంతే. రాత్రి రెండుసార్లు లేచే వయసువాళ్ళకి అది కుదరదు, బుక్ చేసేటప్పుడే చూసుకోవాలి.

గది దొరక్కపోయినా బ్రైట్ ఏంజెల్ లోపలికి వెళ్ళి ఆ నిప్పుగూడు చూపించండి పాపకి. కాన్యన్‌లో రాతిపొరలు ఏ వరసలో ఉన్నాయో అదే వరసలో రాళ్ళు పేర్చారు. అడుగున నది గులకరాళ్ళు, పైన అంచు దగ్గరి సున్నపురాయి. బయటికొచ్చి కాన్యన్ చూస్తే పాపే చెప్పేస్తుంది ఏది ఏదో.

నార్త్ రిమ్ లాడ్జ్‌లో దిగాలని పదేళ్ళు అనుకున్నాం మేం. 2025 జులైలో కార్చిచ్చుకి కాలిపోయింది.

పాయింట్ల_పంతులు

నైట్‌షిఫ్ట్ చెప్పిన టైము లెక్క బాగుంది, దానికి ఒప్పుకుంటాను. మేం ఆ మోటెల్‌కి చేరింది తొమ్మిదిన్నరకి, ఆకలితో, చీకట్లో. పట్టపగలు వెళ్ళుంటే మరక ముందే కనబడేది, అక్కడే వెనక్కి తిరిగేవాళ్ళం.

కానీ క్యాన్సిలేషన్ సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. చైన్‌లో చాలాసార్లు ముందురోజు దాకా ఉచితంగా మానుకోవచ్చు. చిన్న హోటళ్ళలో మూడు రోజులు, వారం, కొన్నిచోట్ల అడ్వాన్స్ వెనక్కి రాదు. పెద్దవాళ్ళతో ప్రయాణం, ఏ పూట ఎవరికి జ్వరమొస్తుందో తెలీదు. అది చదవకుండా కార్డు నంబరు ఇవ్వొద్దు.

ఇసుకతిన్నె

ఇంకోటి. వేసవిలో నవాహో నేషన్ గడియారం మిగతా అరిజోనా కంటే గంట ముందుంటుంది. వేసవికి వాళ్ళు గడియారం గంట ముందుకి జరుపుతారు, రాష్ట్రం జరపదు. మాన్యుమెంట్ వ్యాలీలో ఎనిమిదికి బయల్దేరి రెండు గంటలు నడిపి పేజ్ చేరితే అక్కడ తొమ్మిదే. ఆ దారిలో సెల్‌ఫోన్ గడియారం అటూ ఇటూ దూకుతుంది, నమ్మొద్దు. పేజ్ పక్కనే ఉన్న యాంటిలోప్ కాన్యన్ టూర్లు పేజ్ టైముకే నడుస్తాయి.

గుంటూరు_టు_డాలస్

అందరికీ థాంక్స్. నిన్న రాత్రి ఈ థ్రెడ్ మొత్తం అమ్మానాన్నకి చదివి వినిపించాను. పంతులుగారి అమ్మగారి దగ్గరికి రాగానే మా అమ్మ "ఆవిడ చేసిందే కరెక్టు" అంది. నాన్న రైళ్ళ ముక్క మళ్ళీ చదవమన్నారు. ఆయన పనిచేసింది పంచాయతీరాజ్‌లో, రైళ్ళతో ఏ సంబంధమూ లేదు. అయినా మళ్ళీ చదవమన్నారు.

ఖాయమైంది ఇదీ. గ్రాండ్ కాన్యన్‌లో లోపల దొరికేదాకా రోజూ చూస్తాను, లేదంటే గేటు బయట చైన్. విన్‌స్లోలో రెండు రాత్రులు, కింది గదులు రెండు, ఫోన్లోనే మాట్లాడాను. మాన్యుమెంట్ వ్యాలీలో ద వ్యూ ఒక రాత్రి. పేజ్‌కి చేరేసరికి సాయంత్రం అవుతుంది, అక్కడ రెండు రాత్రులు వంటగది ఉన్న చైన్, మా ఆయన పోగేసుకున్న హోటల్ పాయింట్లతో. ఆయన మొహంలో ఆ తృప్తి చూడాలి.

టీపీల్లో పడుకోవడం మానుకున్నాం, ఐదుగురం ఒక దాంట్లో పట్టం. కారు ఆపి పాపకి చూపిస్తాను, ఎవరి ఇల్లు ఎవరిదో కూడా చెప్తాను. అమ్మ మాత్రం "అందులో బాత్రూం లోపలే ఉంటుందా?" అనడిగింది. ఉంటుందన్నాను. "అయితే నేనూ పాపా ఒక గుడారంలో పడుకునేవాళ్ళం కదే" అంటోంది ఇప్పుడు. విన్‌స్లో రెండో రాత్రి వదులుకుంటే డబ్బు వెనక్కి ఇస్తారో లేదో కనుక్కోవాలి.

పప్పుచారు పేజ్‌లో.