ఎంఏ ఎకనామెట్రిక్స్: నిరూపణలు ముందా, డేటా ముందా?

జడ్చర్ల పిల్లగాడు
అన్నలూ, అక్కలూ, ఒక పంచాయితీ తెంపాలె. నాది ఎంఏ ఎకనామిక్స్ రెండో ఏడు. ఎకనామెట్రిక్స్‌ల, అంటే డేటాతోని ఎకనామిక్స్ లెక్కలు కట్టే పేపర్ల, సగం సెమిస్టర్ గాస్-మార్కోవ్ నిరూపణకే (రిగ్రెషన్ లెక్క ఎప్పుడు మంచిదో చెప్పే సిద్ధాంతం) పోయింది, బోర్డు నిండా మ్యాట్రిక్సులు. సీనియర్లేమో అవన్నీ ఇడిసిపెట్టి ఆర్ (డేటా లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్) నేర్చుకో అంటున్నరు. నా ప్రాజెక్టు రైతుబంధు మీద. నాలుగు ఊళ్ళు తిరిగి ఎనభై మందిని అడిగిన. పైసలు వచ్చినోళ్ళకే అప్పు ఎక్కువ ఉన్నట్టు రిగ్రెషన్‌ల (ఒకటి మారితే ఇంకోటి ఎంత మారుతదో చూసే లెక్క) తేలింది, పీ వాల్యూ కూడా మస్తు తక్కువుంది, అంటే ఊకెనే తేలింది కాదన్నట్టు. గైడ్ సార్ చూసి నవ్విండు, ఏం చెప్పలే. ఆ నవ్వు ఎందుకో నిరూపణలు చదివితే తెలుస్తదా, ఆర్ వస్తే తెలుస్తదా?

డేటా కూలి (సొంతూరు కల్వకుర్తి)
తమ్మీ, ఉద్యోగానికి పోతే నన్ను నిరూపణ ఒక్కరు కూడా అడగలే. పీఎల్‌ఎఫ్‌ఎస్ (సర్కారు చేసే కొలువుల సర్వే) ఫైల్ చేతిల పెట్టి, తెలంగాణల పనికి పోయే ఆడోళ్ళ శాతం తియ్యి అన్నరు. వెయిట్లు (సర్వేల ఒక్కొక్కరు ఎంతమందికి లెక్కనో చెప్పే అంకెలు) వెయ్యడం మరిచినోళ్ళు పొద్దుగూకక ముందే ఇంటిబాట పట్టిన్రు. 2017-18 నుంచి ఆ డేటా పైస ఖర్చు లేకుండ దొరుకుతది. మన కాలేజీలల్ల దాన్ని ఒక్కసారన్న తెరిచిన్రా? ఎండోజెనిటీ (కారణమనుకున్నదానికి మనం కొలువని సంగతులతోని సంబంధముండుడు) మీద పది మార్కుల జవాబు బట్టీ పట్టి రాసిన, దాని అర్థం కొలువుల చేరినంక తెలిసింది. డేటానే ముందు, ఇంక మాట లేదు.

డోకూరు పంతులు
మీ గైడ్ ఎందుకు నవ్విండో నేను చెప్త. రైతుబంధు 2018 మేల మొదలైంది. పట్టా ఉన్నోళ్ళకే, పంటకు ఎకరాకు 4,000, తర్వాత 5,000. భూమికి పరిమితి లేకుండె, కౌలుదారుకు పైస రాకుండె. మరి నీ లెక్కల 'రానోళ్ళు' ఎవరు? కౌలోళ్ళు, కూలోళ్ళు. బ్యాంకు పట్టా పాస్‌బుక్ చూసి అప్పిస్తది. నువ్వు కొలిచింది రైతుబంధును కాదు నాయనా, భూమిని.

ఎకరాలు కంట్రోల్ పెడ్త, అంటే భూమి ప్రభావాన్ని లెక్కల విడదీస్త అంటవేమో. పట్టాదారుకు వచ్చిన పైసలంటే ఆ ఎకరాలే, 5,000తోని గుణించినయి. రెండూ ఒకటే కాలమ్. ఆర్ ఒకదాని ఎదురుంగ ఎన్ఏ (జవాబు లేదు) అని రాసి ఊకుంటది. అది ఎందుకు రాసిందో తెలియాలంటే నువ్వు ఇడిసిపెడ్తనన్న ఆ మ్యాట్రిక్సే కావాలె. నిరూపణల ఇంకో లైన్ ఉంటది: ఎర్రర్ టర్మ్‌కు (మనం కొలువని సంగతులన్నిటికి) ఎక్స్‌తోని (మనం కారణమనుకున్నదానితోని) సంబంధం లేదనుకుందాం. నోట్సుల దింపుకున్నవు గని, ఆడ ఆగినవా?

మర్రిగూడ అక్క
సార్, ఆడ ఆగాలని మాకు ఎవరు చెప్పిన్రు? బోర్డు తుడిచి అవతలి లైన్‌కు పోయేటోళ్ళు. నాది ఫ్లోరైడ్ మీద చేసిన పని. కొత్త నీళ్ళు వచ్చిన ఊళ్ళు, రాని ఊళ్ళు, ముందు, తర్వాత. చక్కగ డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్ పెట్టిన. పిల్లల పండ్ల మీద ఏ తేడా కనబడలే. నెలరోజులు కోడ్‌ల తప్పు వెతికిన. ఆఖరుకు ఒక పంటి డాక్టరమ్మ చెప్పింది: పండ్ల పైపొర చిన్నతనంల తయారైతున్నప్పుడే ఆ మరక పడుతది, తర్వాత మంచి నీళ్ళు తాగినా పోదు. పదో తరగతి పిల్లగాండ్లను కొలిస్తే ఏం కనబడుతది? పుట్టిన సంవత్సరం వారీగ విడదీస్తే గని లెక్క కదల్లే. ఇది మీ నిరూపణల లేదు, ఆ అన్న కోడ్‌ల లేదు.

డోకూరు పంతులు
లేదు, ఒప్పుకుంట. అయితే ఒకటి విను. 1975ల ఇక్రిసాట్ (పటాన్‌చెరు పంటల పరిశోధన సంస్థ) ఆరు ఊళ్ళల్ల, ఊరికి నలభై ఇండ్లు పట్టుకొని ఏండ్ల తరబడి లెక్కలు రాసింది. అందుల రెండు మన పాలమూరువే: ఔరేపల్లి, డోకూరు. ఔరేపల్లితో కలిపి మూడు ఊళ్ళ లెక్కలు తీసుకొని 1994ల టౌన్సెండ్ అనే ఎకనామిస్టు ఏమన్నడంటే, ఒక్క ఇంటికి సంపాదన పోయినా తిండి పెద్దగ తగ్గుతలేదు, ఊరంతటితోపాటే హెచ్చుతున్నది, తగ్గుతున్నది. 1997ల రావాలియన్, చౌధురి అనే ఇంకిద్దరు ఎకనామిస్టులు అడ్డం తిరిగిన్రు: తిండి లెక్క గట్టిన తీరే తేడా, సొంత సంపాదన దెబ్బ ఇంకా గట్టిగనే ఉన్నదని.

మా మేనత్త ఇల్లు ఆ నలభైల ఒకటి. లెక్క రాసేటాయన వస్తే 'రెండు సోలల జొన్నలు' అనేది. పొద్దుగాల పక్కింటికి బదులిచ్చిన సోలెడు అందుల కలిసిందో లేదో ఆమెకే తెల్వదు. అటువంటి పొరపాటు సమీకరణంల ఎడమవైపు (ఫలితం దిక్కు), ఏ దిక్కూ ఒరగకుండ ఉంటే కోఎఫిషియంట్ (ప్రభావం ఎంతో చెప్పే అంకె) చెడదు, స్టాండర్డ్ ఎర్రర్ (ఆ అంకె మీద అనుమానం) పెరుగుతది. కుడివైపుంటే (కారణం దిక్కు) సున్నా దిక్కు గుంజుతది. ఈ సంగతి మేనత్తా చెప్పదు, ఆర్ చెప్పదు.

జడ్చర్ల పిల్లగాడు
సార్, నిన్న ఒక ఊరికి మళ్ళ పోయిన. అప్పు లేదన్న కౌలు రైతును 'మరి విత్తనాలు, మందులు ఏడ తెచ్చినవ్' అని అడిగిన. 'సేటు దగ్గర ఖాతా ఉంది' అన్నడు. అది అప్పు కాదా అంటే, 'అప్పంటే బ్యాంకుది, ఇది ఖాతా' అన్నడు. పట్టా ఉన్నోళ్ళల్ల ఖాతా ఉన్నోళ్ళు తక్కువే కనబడ్డరు.

డోకూరు పంతులు
అట్లయితే నీ పొరపాటు మొత్తం కౌలోళ్ళ దిక్కే ఒరిగింది. ఇక కోఎఫిషియంట్ కూడా చెడుతది. ప్రశ్న మార్చు.

డేటా కూలి
ప్రశ్న మార్చినంక ఎనభై మందినీ మళ్ళ అడుగు తమ్మీ, సగం పాతది సగం కొత్తది కలపకు. ఊళ్ళు నాలుగే అన్నవు గద? క్లస్టర్ చేస్తే, అంటే ఒక ఊరోళ్ళందరినీ ఒక్క గుంపుగ లెక్కేస్తే, నిలువది. ఇంకో పది ఊళ్ళు దొరుకుతయా?

జడ్చర్ల పిల్లగాడు
బండి ఉంది అన్నా. పెట్రోల్‌కే లేవు.