ఆన్‌లైన్ కోర్సుల నాణ్యతను అంచనా వేయడమంటే వీడియోలు లెక్కపెట్టడమేనా?

ప్రశ్న: వాణిజ్యశాస్త్ర అధ్యాపకురాలు, ఉత్తరాంధ్ర

మా విశ్వవిద్యాలయం కొన్నేళ్లుగా బీకాం, ఎంకాం కోర్సులను ఆన్‌లైన్‌లో నడుపుతోంది. యూజీసీ 2020 నిబంధనల ప్రకారం ఏర్పాటైన అంతర్గత నాణ్యతా కేంద్రంలో ఈ ఏడాది నన్ను సభ్యురాలిగా నియమించి, స్వీయ మూల్యాంకన నివేదిక తయారుచేసే పని అప్పగించారు. చేతికిచ్చిన నమూనాలో అడిగినవన్నీ లెక్కలే: ఎన్ని వీడియోలున్నాయి, అవి ఎన్ని గంటలు, ఎంతమంది లాగిన్ అయ్యారు, ఎంతమంది ఉత్తీర్ణులయ్యారు. వీడియో పాఠం, చదువుకునే సామగ్రి, చర్చావేదిక, స్వీయపరీక్ష అనే నాలుగు భాగాలూ మా ప్రతి పేపరుకూ ఉన్నాయి కాబట్టి గడులన్నీ ఇట్టే నిండిపోతాయి.

నింపేముందు ఒక్క పేపరైనా విద్యార్థిలా కూర్చుని చూడాలనిపించి పరోక్ష పన్నుల పాఠాలు తెరిచాను. జీఎస్టీ రేట్ల పాఠంలో తెరమీద ఇప్పటికీ 5, 12, 18, 28 శాతాల పట్టికే ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 12, 28 శ్లాబులను దాదాపుగా ఎత్తివేసి, ప్రధానంగా 5, 18 శాతాలను ఉంచి, కొన్ని వస్తువులకు 40 శాతం పెట్టిన సంగతి ఆ పాఠానికి ఇంకా చేరలేదు. దాని కింద చర్చావేదికలో ఒక విద్యార్థిని, “మేడమ్, మా కొట్టు బిల్లుల్లో ఇప్పుడు 12 శాతం రావడం లేదు, పరీక్షలో ఏది రాయమంటారు?” అని అడిగింది. నేను చూసేనాటికి ఆ ప్రశ్న పెట్టి 41 రోజులైంది, ఎవరూ ఒక్క ముక్క జవాబివ్వలేదు. ఆ పాఠం చెప్పిన ఆచార్యులు చాలా మంచి బోధకులు, నిరుడు పదవీ విరమణ చేశారు. స్లైడ్ల మూలప్రతి ఆయన సొంత ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోయింది.

ఒక కోర్సు బాగుందో లేదో చూసే పద్ధతులు నాకు తెలుసు. మంచి కోర్సును తయారుచేసి, దాన్ని ఏళ్ల తరబడి మంచిగా నిలబెట్టగల శక్తి ఒక విశ్వవిద్యాలయానికి ఉందో లేదో అంచనా వేసే పద్ధతి ఏదైనా ఉందా?

జవాబు 1: విద్యా సాంకేతికత పరిశోధకుడు, హైదరాబాద్

అమ్మా, మీరు అడిగిన ప్రశ్ననే పట్టుకుని న్యూజిలాండ్‌లో ఒక నమూనా తయారైంది. వెల్లింగ్టన్‌లోని విక్టోరియా విశ్వవిద్యాలయానికి చెందిన స్టీఫెన్ మార్షల్, జెఫ్ మిచెల్‌తో కలిసి ఈ-లెర్నింగ్ మెచ్యూరిటీ మోడల్‌ను రూపొందించారు. సాఫ్ట్‌వేర్ సంస్థల సామర్థ్యాన్ని అంచనా వేయడానికి వాడే పరిణతి నమూనాలే దీనికి మూలం. అభ్యసనం, కోర్సుల రూపకల్పన, విద్యార్థులకూ అధ్యాపకులకూ మద్దతు, మూల్యాంకనం, సంస్థాగత నిర్వహణ అనే ఐదు రంగాల కింద 35 ప్రక్రియలను ఇది పరిశీలిస్తుంది.

అసలు విశేషం ఆ 35లో లేదు. ప్రతి ప్రక్రియనూ ఐదు వైపుల నుంచి చూడటంలో ఉంది. మీ విద్యార్థిని ప్రశ్ననే తీసుకుందాం. విద్యార్థుల సందేహాలకు జవాబులు అందుతున్నాయా అన్నది మొదటి వైపు. ఆ పని ఎవరు చేయాలో కోర్సు మొదలయ్యే ముందే అనుకున్నారా అన్నది రెండోది. ఇన్ని రోజుల్లో జవాబివ్వాలని సంస్థ రాతపూర్వకంగా నియమం పెట్టిందా అన్నది మూడోది. ఆ నియమం పాటిస్తున్నారో లేదో ఎవరైనా గమనిస్తున్నారా అన్నది నాలుగోది. గమనించినదాన్ని బట్టి తర్వాత ఏమైనా మార్చారా అన్నది ఐదోది. ఒక్కొక్క దానికీ పూర్తిగా, చాలావరకు, కొంతవరకు, సరిపోదు అనే స్థాయిల్లో, ఆధారం చూపించి విలువ కడతారు.

రిటైరైన ఆచార్యులు ఉన్నన్నాళ్లూ మొదటి గడి బ్రహ్మాండంగా ఉండి ఉంటుంది, ఎందుకంటే ఆయన స్వయంగా రాత్రిళ్లు కూర్చుని జవాబులిచ్చి ఉంటారు. మిగిలిన నాలుగు గడులు అప్పుడూ ఖాళీయే, కాకపోతే ఆయన మంచితనం వల్ల ఆ ఖాళీ ఎవరికీ కనిపించలేదు. ఐదింటినీ కలిపి సగటు తీస్తే ఈ సంగతి మళ్లీ కనిపించకుండా పోతుంది కాబట్టి, దయచేసి మొత్తానికి ఒకే మార్కు వేయకండి.

జవాబు 2: అధ్యయన కేంద్రం కౌన్సెలర్, కరీంనగర్

సార్వత్రిక విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఇరవై ఏళ్లుగా ఆదివారం తరగతులు చెబుతున్నాను. 1982లో మన దగ్గర దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు చేతిలో ఉన్నది ప్రధానంగా అచ్చు పుస్తకమే. ఆ పుస్తకం తెరిస్తే మొదటి పేజీల్లోనే పాఠాల రచయితలు ఎవరు, సంపాదకులు ఎవరు అనే వివరాలు కనిపిస్తాయి. అంటే పాఠం ఒక్కరి సొత్తు కాదు, ఒక రచయిత లేకపోయినా దాన్ని తిరగరాయించే బాధ్యత సంపాదక వర్గానిది. వీడియోకు వచ్చేసరికి ఈ పద్ధతిని ఎందుకు వదిలేశామో నాకు నిజంగా బాధగా ఉంటుంది.

కాబట్టి ప్రతి పాఠానికీ చివరిసారి ఎప్పుడు సవరించారు, తర్వాత ఎవరు సవరించాలి, మూలప్రతి ఎక్కడుంది అనే మూడు ప్రశ్నలు మీ నివేదికలో చేర్చండి. ఈ మూడింటికి జవాబు లేని పాఠం ఎంత బాగున్నా దాని ఆయుష్షు తక్కువే.

జవాబు 3: ఎల్ఎంఎస్ (ఆన్‌లైన్ పాఠాలను నడిపే సాఫ్ట్‌వేర్) నిర్వాహకుడు, తిరుపతి

పైవారు చెప్పిన నమూనాపై నాకు గౌరవముంది గానీ, 35 ప్రక్రియలను ఐదు వైపుల నుంచి చూడటమంటే 175 గడులు. ముగ్గురు సభ్యులున్న కేంద్రానికి ఇది మోయలేని బరువు, చివరికి అదీ మరో కాగితాల కట్టగా మారుతుంది. విద్యార్థులపై నేరుగా ప్రభావం చూపే నాలుగైదు ప్రక్రియలతో మొదలుపెట్టమని నా మనవి. ఆధారాల కోసం కమిటీ తీర్మానాలకన్నా ముందు సర్వర్ లాగ్‌లు, అంటే ఎవరు ఎప్పుడు ఏం చేశారో కంప్యూటరు తనంతట తానే నమోదు చేసే వివరాలు చూడండి. ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఎన్ని రోజులు, అసైన్‌మెంటు దిద్ది ఇవ్వడానికి ఎన్నాళ్లు, ఏ పాఠం ఎన్నో నిమిషంలో ఎక్కువమంది వదిలేస్తున్నారు అనేవన్నీ అందులో ఉంటాయి. లాగిన్ల సంఖ్య మాత్రం నమ్మకండి. హాల్‌టికెట్ల వారంలో అది ఎప్పుడూ పెరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. సందేహ నివృత్తి, పాఠాల సవరణ, అసైన్‌మెంట్ల దిద్దుబాటు, అధ్యాపకుల శిక్షణ అనే నాలుగింటిని ఎంచుకుని, ఐదేసి గడుల పట్టిక గీశాను. సవరణ వరుస నింపుతూ బడ్జెట్ పుస్తకం తెప్పించుకుంటే, స్టూడియో పరికరాలకు పద్దు ఉంది, కొత్త పాఠాల చిత్రీకరణకు పద్దు ఉంది, ఉన్న పాఠాన్ని సరిదిద్దడానికి పైసా కేటాయింపు లేదు. అదే సంగతిని నివేదిక మొదటి పేజీలో పెడుతున్నాను. ఆ విద్యార్థినికి నిన్న సాయంత్రం నేనే జవాబు రాశాను. కొత్త రేట్ల పట్టికను ఒక పేజీగా టైపు చేయించి, వీడియో కింద అందరికీ కనిపించేలా పెట్టాం. కరీంనగర్ కౌన్సెలర్ గారూ, సంపాదక వర్గం బాధ్యతలను మీ దగ్గర ఏ విధంగా రాసుకుంటారో ఆ నమూనా వివరంగా చెబితే, వచ్చే పాలకమండలి సమావేశానికి తీర్మానంగా పెట్టించే ప్రయత్నం చేస్తాను.