బొబ్బిలి క్యాంపెయిన్‌కి పాత్రల ఉత్తరాలు: ఎవరూ చదవడం లేదు, ఏం మార్చాలి?

గంటస్తంభం:
విజయనగరంలో ఐదుగురం టేబుల్‌టాప్ (తలా ఒక పాత్ర వేసుకుని, పాచికలతో కథ నడిపే ఆట) ఆడుతున్నాం. క్యాంపెయిన్, అంటే చాలా సెషన్లు సాగే మా కథ, 1756 చివర్లో మొదలై 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధంతో ముగుస్తుంది. ప్లేయర్లందరూ కోటలోని మనుషులు. సెషన్‌కీ సెషన్‌కీ మధ్య రెండు వారాలు. ఆ ఖాళీలో పాత్రలు రాసినట్టు రెండేసి పేజీల ఉత్తరాలు ఇస్తున్నాను. చివరిదాకా చదివేవాళ్లు లేరు, జవాబు అసలే రాదు. పొడవు, భాష, కాగితం, ఏది మార్చాలి?

నాగావళి:
ముందు పొడవు తగ్గించు తమ్ముడూ. కాగితానికి ఒక్క వైపు, నూట ఇరవై మాటలు చాలు. రెండు పేజీలు అవుతున్నాయంటే అందులో పాత్ర బదులు గేమ్ మాస్టర్, అంటే ఆట నడిపే నువ్వు, మాట్లాడుతున్నట్టే. రాసే ముందు రెండు తేల్చుకో: ఈ మనిషికి ఎదుటివాడి నుంచి ఏం కావాలి, ఏం దాస్తున్నాడు?

"విజయనగరం రాజు విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీతో కలిసి దండెత్తుతున్నాడు" అని రాస్తే అది వార్త. దాని బదులు విజయనగరం ధాన్యం వర్తకుడి చేత ఇలా రాయించు: "నా బాకీ పున్నమిలోగా తీర్చండి. ఇక్కడ ఎడ్లబళ్లన్నీ సర్కారువారు పట్టేశారు, గింజ కదలడం లేదు." బళ్లు ఎందుకు పట్టారో ప్లేయర్లే ఆలోచిస్తారు. ఆ ఆలోచనే ఆట.

ఆఖర్న జవాబు అడిగే ప్రశ్న ఒకటే పెట్టు. "బాకీ ఇస్తారా, పొలం రాసిస్తారా?" లాంటిది. ఐదు వాక్యాల జవాబు వచ్చినా దాని ఫలితం తర్వాతి సెషన్‌లోనే కనబడాలి, లేకపోతే రెండోసారి ఎవరూ రాయరు. మీది డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్) ఐదో ఎడిషన్ అయితే జవాబుకి ఇన్‌స్పిరేషన్ (పాచిక వేసేటప్పుడు సాయపడే బహుమానం) ఇవ్వొచ్చు. కథ నడవడానికి తప్పనిసరైన ఆధారాన్ని మాత్రం ఒక్క ఉత్తరంలోనే దాచకు. అదే మరో రెండుచోట్ల కూడా దొరకాలి.

కరణంగారి కలం:
భాష సంగతి. అందరి చేతా ఒకే గ్రాంథికం రాయిస్తే గొంతులు కలిసిపోతాయి. కోట ఉద్యోగి రాతలో హుకుం, ఫౌజు, కిస్తు, ఖిల్లా లాంటి పారసీ మాటలు దొర్లాలి. చదువు రాని రైతు తను రాయడు, కరణం చేత రాయిస్తాడు. మొదట "ఉభయకుశలోపరి" అని కరణం మర్యాద, మధ్యలో రైతు గొంతు: "ఏటి సేయాల బావూ, గుంటలికి గెంజి నేదు అని చెప్పమన్నాడు." ఒకే కాగితంలో ఇద్దరు మనుషులు! ఇది నాకు చాలా ఇష్టమైన పద్ధతి.

తేదీలో జనవరి అని వేయొద్దు, ధాత నామ సంవత్సరం అనండి. 1757 కదా అని ఈశ్వర వేసేస్తారు, అది ఉగాది తర్వాతే.

లక్కముద్ర:
కాగితం పాతదానిలా కనబడాలంటే పావు లీటరు నీళ్లలో మూడు చెంచాల టీపొడి ఐదు నిమిషాలు మరిగించి, వడగట్టి, చల్లార్చాలి. వేడిగా పోస్తే కాగితం ముడతలు పడుతుంది. పళ్లెంలో ఐదు నిమిషాలు నానబెట్టి, గుడ్డమీద పరిచి ఆరబెట్టి, పైన గుడ్డ వేసి ఇస్త్రీ చేయండి. రాయడం ఆ తర్వాతే. ఇంక్‌జెట్ ప్రింటు తీసి ముంచితే అక్షరాలు కరిగిపోతాయి, లేజర్ ప్రింటు నిలుస్తుంది.

లక్కని మంటకి నేరుగా చూపిస్తే మసి పడుతుంది, గరిటెలో కరిగించండి. ముద్రకి కాస్త నూనె రాయకపోతే లక్క దానితోపాటే ఊడొస్తుంది.

గంటస్తంభం:
చాలా థాంక్స్. ఇంకొక్కటి. రాజాంలో ఉన్న బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడికి ప్లేయర్లు ముందే కబురు రాస్తే? చేరిందంటే చరిత్రే మారిపోతుంది.

నాగావళి:
రాయనీ. రాజాం మరీ దూరమేం కాదు, కాబట్టి హర్కారాకి (కబురు మోసేవాడికి) దూరం అడ్డు కాదు, దారిలో ఉన్న ఫౌజు అడ్డు. ఏ దారిన పంపుతారు, పగలా రాత్రా, ఉత్తరం ఎక్కడ దాస్తాడు, అన్నీ వాళ్లనే అడుగు. దాన్నిబట్టి ఎంత పడాలో ముందే చెప్పి, పాచిక అందరి ముందే వేయించు. పడకపోతే వాళ్లు రాసిన ఆ కాగితాన్నే తర్వాతి సెషన్‌లో లక్క పగలగొట్టి, శత్రువు గుడారంలో దొరికినట్టు వాళ్ల చేతికే ఇవ్వు. పడితే పాపారాయుడు వస్తాడు. అప్పుడు ఆ యుద్ధమే ఆడండి.